చివరి చేనువాళ్ళ హ్యాండిల్

ప్రియమైన బావకి, నీ రెబెకా వందనాలు.

ఇక్కడ నేను, అత్త, పాప దేవుడి కృపలో చల్లగా ఉన్నాం. దాచేపల్లి సిమెంటు దుమ్ములో నీ దగ్గు తగ్గిందా? ఫోన్ చెయ్యక ఉత్తరమేంటని తిట్టుకోకు. ఫోన్లో అయితే మధ్యలో అరుస్తావు, చెప్పనివ్వవు.

అత్త మోకాళ్ళ సంగతి అడిగావు. నొప్పి తగ్గింది, నోరే తగ్గలేదు. మిరప పూతకొచ్చింది. తెల్లారగట్ల మంచులో చేను నేలమీద ఉందో గాలిలో ఉందో తెలియడం లేదు. గట్టున కూర్చుంటే కాలవ నిద్రలో గొణిగినట్టు వినిపిస్తుంది. నాకూ కళ్ళు మూతలు పడతాయి.

కాలవాఫీసు తెరిచారా అన్నావు. ఏం తెరుస్తారు! నీళ్ళు వదిలే లస్కరు రిటైరయ్యాక ఇంకో మనిషిని వెయ్యనేలేదు. గవర్నమెంటు మన కాలవ మీద నుంచి ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు. ఆఫీసు గదిలో పావురాలు కాపురం పెట్టాయి. అయినా వంతు తప్పకుండా నీళ్ళొస్తున్నాయి, నాకదే కలలా ఉంది. షట్టర్ తిప్పే హ్యాండిల్ చివరి చేనువాళ్ళం మన దగ్గరే ఉండాలని పై చేను బుల్లయ్యగారే కదా అందరినీ ఒప్పించింది. "మొదటోడికిస్తే తన చేను తడుపుకుని తొంగుంటాడమ్మాయ్. చివరోళ్ళకైతే అందరికీ పారితేనేగా పారేది!" అన్నారు.

'ఊరి తగువులు మనకెందుకు, హ్యాండిల్ ఇచ్చెయ్' అన్నావు. ఇవ్వలేదు బావా.

ఇంకా ఉంది. మొన్న బుల్లయ్యగారి వంతు రోజున పైన గండిపడి నీళ్ళన్నీ వృథాగా పోయాయి. పూడ్చేసరికి మన వంతొచ్చింది. నీళ్ళు మన తూము దాకా వచ్చాయి, నా కాళ్ళు తడిశాయి కూడా. ఆయనకి పారకుండా మనం పెట్టుకుంటే రేపు నా మాట ఎవరు వింటారు? ఆయన చేను కింద కాలవకడ్డంగా ఉన్న షట్టర్ నేనే దించేశాను. నీళ్ళు ఎగదన్ని ఆయన చేలోకి మళ్ళాయి. ఏడుస్తూనే తిప్పాను. నీళ్ళందక మన పూత సగం రాలిపోయింది.

ఆ సాయంత్రం ఆయనొచ్చి, "రేపు ఎవరికీ చెప్పకుండా నువ్వు నీళ్ళు పెట్టుకోమ్మా" అన్నారు.

"చెప్పకుండా అయితే నాకొద్దు బాబాయ్" అన్నాను.

అత్త నాతో మాట్లాడటం మానేసింది. ఇవాళ పొద్దున లేచి చూస్తే, తుప్పుపట్టిన హ్యాండిల్‌కి నూనె రాస్తూ కూర్చుని ఉంది.

ఇప్పుడు అరుచుకో, ఎంతసేపైనా. అరిచాక ఆదివారం వచ్చెయ్. వంతు మళ్ళీ మనదాకా వచ్చేది ఆరోజే. దించడం ఒక్కదాన్నే దించాను గాని, ఎత్తేటప్పుడు నువ్వు పక్కనుండాలి.

ఇట్లు,
నీ భార్య,
చివరి చేను రెబెకా