చెంచా కొసన పల్లీ

చెల్లీ,

నువ్వు పోయాక మనింట్లోకి పల్లీలు రాలేదు. ఇవాళ నీ మేనకోడలికి నేనే పెట్టాను. ఇప్పటినుంచే కొంచెం కొంచెం అలవాటు చేస్తే నీలా పల్లీలు పడకపోయే ప్రమాదం తగ్గుతుందని, పెట్టమని డాక్టరే చెప్పింది. ఇంట్లో పెట్టే ధైర్యం లేక, మేముండే టోవా పాయో పేటలో క్లినిక్ ఎదురుగా బెంచీ మీద కూర్చుని, మెత్తగా నూరి పల్చగా కలిపిన పల్లీని చెంచా కొసతో నాకించాను.

"అలా గుడ్లప్పగించి చూడకండి, పిల్ల జడుసుకుంటుంది" అంది మీ వదిన.

పెదవి పక్కన ఎర్రమచ్చ కనబడగానే పాపనెత్తుకుని క్లినిక్ తలుపు దాకా పరిగెత్తాను. మీ వదిన వెనకే వచ్చి తడిగుడ్డతో తుడిచింది. పొద్దున తిన్న బీట్‌రూట్ మరక.

రెండు గంటలు కూర్చున్నాం. పాప ఇంకా కావాలని చెంచా లాక్కుంది.

"చూశారా, ఏం కాలేదు" అంది మీ వదిన. తలూపాను. ఆ రోజు నీ ప్లేట్లో పల్లీ చట్నీ వేస్తూ "కొంచెమేగా, ఏం కాదు, తిను" అన్నది నేనేనని ఆమెకి ఇంతవరకూ చెప్పలేదు.