మీ లైబ్రరీకి వాలు కప్పు

హెరాల్డ్ గారూ,

మీరు పోయి ఇవాళ్టికి రెండేళ్ళు. ఈ దేశంలో నాకు ఆర్కిటెక్టుగా మొదటి ఉద్యోగం ఇచ్చింది మీరే. మీకు తెలుగు రాదని తెలుసు, కానీ నా కోపం ఇంగ్లీషులో సరిగ్గా రావడం లేదు.

పందొమ్మిది వందల యాభైల్లో మీరు చదును కప్పుతో, గోడంతా అద్దాలతో కట్టిన టౌన్ లైబ్రరీ కారుతోందట. దాని మీద వాలు కప్పు వేస్తారట. నేను నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. నీళ్ళు పోయే గొట్టాల నిండా కుళ్ళిన ఆకులే! పోయిన నెల లైబ్రరీ కమిటీ మీటింగ్‌లో ఆ మాటే చెప్పాను.

"మిస్టర్ రావ్, ఫ్లాట్ రూఫ్ అంటేనే కారుతుంది. ఇది ఎనభై నాలుగు, యాభై నాలుగు కాదు," అన్నాడు చైర్మన్.

"ఒక్కసారి ఆ ఆకులు తీయించి చూడండి."

"మీ టైమ్ అయిపోయింది."

వాలు కప్పుకే ఓటేస్తూ కమిటీలో అందరూ చేతులెత్తారు. పని ఖాయమైంది.

ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. ఆ పని మా ఆఫీసుకే వచ్చింది, డిజైన్ నన్నే చేయమన్నారు. చేయనని లేచొచ్చేద్దామనుకున్నాను. కానీ ఇంకొకడైతే మీ కాంక్రీటుకి ఎక్కడపడితే అక్కడ చిల్లులు పొడుస్తాడు. అందుకే ఒప్పుకున్నాను. డిజైన్‌లో కొత్త స్తంభాలన్నీ మీ గోడల బయటే నిలబెట్టాను. కొత్త కప్పు మీ కప్పుని ఎక్కడా తాకదు. ఎప్పుడైనా ఎవరికైనా బుద్ధి పుడితే బోల్టులు విప్పి దించేయొచ్చు.

పుడుతుందన్న నమ్మకం నాకు లేదు. ఇవాళ పొద్దున డ్రాయింగుల మీద సంతకం చేశాను. మీ పని కనబడకుండా కప్పేసే కాగితం మీద ఉన్నది నా పేరే.

రావు