కంచెలో ఒక తలుపు, సగంలో ఆగిన కటింగ్

అజైబా ఆఫీసులో రెండు వైపుల క్యాంపు బాధ్యతలు చూచు శ్రీ రామసుబ్బయ్య గారి సముఖమునకు, దుక్మ్ లేబర్ క్యాంపు, ఎ-వైపు, పద్నాలుగో రూమ్ నుండి స్టీల్ ఫిక్సర్ లింబాద్రి వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: క్యాంపు నడుమ ఉన్న కంచెకు ఒక తలుపు పెట్టించుట, తద్వారా నా తల ఎడమ సగం కటింగ్ పూర్తి చేయించుట గురించి.

1. మూడు నెలల క్రితం మన కంపెనీ రెండు కంపెనీలు అయిన సంగతి తమరికి తెలిసినదే. ఆ శుక్రవారం మధ్యాహ్నం మేము అన్నం తిని పడుకున్నాము. లేచి చూస్తే క్యాంపు నడుమ కంచె వేసి ఉన్నది. ఎండబెట్టిన నా లుంగీ బి-వైపు ఉండిపోయినది. ఎదురు రూమ్ ఇస్తారి కూడా అటే ఉండిపోయినాడు. ఇప్పుడు ఆ లుంగీ అతనే కడుతున్నాడు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

2. ఇస్తారి డ్యూటీలో మేస్త్రీ, శుక్రవారం మాత్రం కత్తెర పడతాడు. మా భీంగల్ వైపు వాళ్లం ఇక్కడ పదకొండు మందిమి. సెలవు మీద ఇంటికి పోయేవాడు ఇస్తారి చేత కటింగ్ చేయించుకొనే విమానం ఎక్కుట ఏడేళ్లుగా మా ఆనవాయితీ.

3. నా విమానం ఈ గురువారం. రెండేళ్ల తరువాత పోతున్నాను. కాబట్టి మొన్న శుక్రవారం, కంచె జాలీ తెగినచోట తల అటు, మొండెం ఇటు పెట్టి కూర్చున్నాను. కుడి పక్క చక్కగా అయినది. "మెడ తిప్పురా లింబాద్రి" అని ఇస్తారి అనేలోపల గార్డు ఈల వేసినాడు, నేను తల వెనక్కి గుంజుకున్నాను. ఆ సందును వెంటనే తీగతో కట్టేసినారు. ఆ సమయంలో నా తల ఏ కంపెనీ కింద ఉన్నదనే విషయం ఇంతవరకు తేలలేదు.

4. రూమ్ వాళ్లు మిషన్‌తో గుండు కొట్టేస్తామంటున్నారు. అది కుదరదని సవినయంగా మనవి. మా నాయిన, పేరు పెద్దులు, సజీవంగా, ఆరోగ్యంగా ఉన్నాడు. నేను గుండుతో బస్సు దిగితే ఆయనే ఎదురొచ్చి "ఎవలు పోయిన్రు బిడ్డా?" అని ఏడుపు అందుకుంటాడు. నాలుగు రోజులుగా వీడియో కాల్‌లో నా భార్య రజితకు కుడి పక్కే చూపిస్తున్నాను. "గట్ల పక్కకు కూసుంటున్నవేంది, మెడ వట్టిందా?" అని నిన్న అడిగింది. పట్టిందని చెప్పినాను. జండూబామ్ రాసుకొమ్మన్నది, ఆమె చూస్తుండగా రాసుకున్నాను.

5. అటు పోవుటకు పాసు అడిగినాను. ఫారంలో రక్తసంబంధమా, పని సంబంధమా అని రెండు గడులే ఉన్నవి. జుట్టు సంబంధానికి గడి లేదు. బస్సు లేకుండా ఎవరూ గేటు దాటరాదు. సెలూన్‌కు బస్సు మళ్లీ వచ్చే శుక్రవారమే. ఇస్తారి మంచానికి, నా మంచానికి నడుమ దూరం ముప్పై రెండు అడుగులు. కంచె వేయకముందు ఆ దూరాన్ని నేను ఎన్నడూ లెక్కపెట్టలేదు.

అయ్యా, నిజం చెప్పుకుంటాను. కటింగ్ ఒక వంక మాత్రమే. ఇక్కడ నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు, అన్నం కూడా బాగానే ఉన్నది. కానీ డ్యూటీ దిగినాక ఎవరినీ అడగకుండా దోస్తు రూముకు పోయి, వాడి మంచం మీద కూర్చొని, ఏ పనీ లేకుండా ఇంత సేపు మాట్లాడి రావాలని ఉన్నది. అంతకంటే పెద్ద కోరిక నాకు లేదు. మూడడుగుల తలుపు చాలు. వెల్డింగ్ మేమే చేసుకుంటాము. తాళం కూడా వేయండి, చెవులు మాత్రం ఇటొకటి అటొకటి ఇప్పించండి.

నా తలను దయతో, నా మనవిని న్యాయంతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లింబాద్రి

తా.క.: ఇది రాస్తుండగా ఈల వేసిన గార్డే వచ్చి, "క్యా లిఖ్ రహే హో?" అన్నాడు. హిందీలో చదివి వినిపించినాను. లుంగీ దగ్గర నవ్వినాడు. నాయిన దగ్గర నవ్వలేదు. "మేరే అబ్బా భీ జిందా హై" అని, అంటే తన నాయిన కూడా బతికే ఉన్నాడని చెప్పి, తనే తీగ విప్పినాడు. ఇస్తారి వచ్చి నా ఎడమ పక్క పూర్తి చేసినాడు. తరువాత గార్డు కూడా తల పెట్టినాడు. అతనిది కుడి పక్క అయ్యేసరికి సూపర్‌వైజర్ బండి వచ్చినది.

గార్డు పేరు రాయను. ఈ మధ్య టోపీ తీయని గార్డు ఎవరని తమరు కూడా అడగవద్దు. నా తల పూర్తయినది, అర్జీ మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు. తలుపు త్వరగా పెట్టించండి, అతనికి ఎడమ పక్క మిగిలి ఉన్నది.