నీ ముందు పెట్టిన గోంగూర

ఏమే రాజ్యం,

మన పాత బ్యాటరీ షెడ్డు వెనక మట్టిలో దిగిన సీసం విషాన్ని మొక్క వేళ్లతో లాగేస్తుందని, కాలేజీ అమ్మాయి రమ్య అక్కడ గోంగూర మడి వేయించింది. తినకూడదు, పెరిగాక పీకి పట్టుకుపోతారు. కాపురానికొచ్చిన వారంలోనే గోంగూర కోసం మా అమ్మతో పోట్లాడినదానివి కదా! బజారుకెళ్లే బద్ధకంతో, పోయిన మనిషిని విషమేం చేస్తుందిలే అనుకుని, ఇవాళ నీ తద్దినానికి ఆ ఆకే నూరి నీ ఫొటో ముందు పెట్టాను.

ఇంతలో రమ్య వచ్చింది. "తాతా, వాసన చానా బాగుంది!" అంటూ రోట్లో మిగిలిన పచ్చడి వేలితో తీసి నోటిదాకా తీసుకెళ్లింది. గబుక్కున చెయ్యి పట్టి లాగేశాను.

"మన మడిలోదా?"

తలూపాను.

"మరి అమ్మమ్మకెట్టా పెట్టావ్?"

ఎర్రటి ఎండలో బజారుకెళ్లి వేరే కట్ట తెచ్చాను. నూరడమూ అయింది. తెచ్చి నీ ముందు పెట్టడానికే ముఖం చెల్లడం లేదు.