గంగమ్మ కాసుకు పుట్టిల్లేది?

నాణేల పరిశోధన కార్యాలయం, భానుచందర్‌కు,

ఆశీర్వాదాలు కాసు తిరిగిచ్చినాక.

తిరుచానూరు పక్కపల్లె, కాలం చేసిన కుప్పుస్వామి పెళ్లాం మునెమ్మను. వయసు డెబ్బై ఎనిమిది. ఇంట్లో నేను, కోడలు జయంతి, ఒక పాడి ఎనుము. ఎనుము నా మాట వింటుంది.

చెప్పి రాయించేది ఏమంటే, పోయిన జాతరలో మా ఇంటి గంగమ్మ మెడలోని బంగారు కాసును "ఏ ఊళ్లో చేసిందో చూసి ఇస్తానవ్వా" అని పట్టుకుపోయినావు గదరా ________. మళ్లీ జాతర వస్తా ఉండాది, ________. అమ్మవారు బోసి మెడతో ఊరేగిందా, నేనొచ్చి నీ ఆఫీసు వాకిట్లో కూర్చుంటాను.

మునెమ్మ వేలిముద్ర

తా.క.: ఇది రాసింది పక్కింటి నిర్మలమ్మను. రెండు చోట్ల ఖాళీ వదిలాను. అవ్వ అన్నవి రాయడానికి చేయి రాలేదు.

---

గౌరవనీయులైన మునెమ్మ గారికి,

నమస్కారం. మీ కాసు సుమారు పద్నాలుగు వందల ఏళ్లనాటి బైజాంటైన్ రాజ్యపు నాణెంలా ఉంది. ఏ టంకశాలలో తయారైందో తెలిపే అక్షరాలు వెనుకవైపు అడుగున ఉంటాయి. మీ ఇంట్లో చింతపండుతో తోమి తోమి వాటిని అరగదీశారు. మిగిలినదాన్ని బట్టి, దీని పుట్టిల్లు సముద్రాల అవతలి కాన్‌స్టాంటినోపుల్ అనుకుంటున్నాం. దానిపై ఉన్నది శూలం పట్టిన గంగమ్మ కాదు, శిలువ పట్టిన రెక్కల దేవదూత. నిర్ధారణ కాగానే పంపిస్తాం.

భవదీయుడు,
భానుచందర్

తా.క.: ఆ ఖాళీల్లో ఏముండేదోనని మా సిబ్బంది పని మానుకుని ఊహిస్తున్నారు.

---

భానుచందర్‌కు,

పుట్టిల్లు ఉండాదని ఇన్నాళ్లూ చెప్పకపోతివే! జాతరకు అమ్మవారి పుట్టింటోళ్లు సారె తేవాల. చీర, పసుపు, కుంకుమ, గాజులు. ఆ కాన్‌స్టాంటినోపులోళ్లు ఒక్క ఏడన్నా తొంగి చూసినారా? సిగ్గుండాల. ఆ ఊరు మద్రాసు దోవలో తడ దాటినాక యాడ ఉండాదో కనుక్కుని, సారె తెమ్మని నువ్వే జాబు రాయి.

రెక్కలుంటే దేవదూతా? మా గంగమ్మ ఎగరదని నీకెవరు చెప్పినారు?

మునెమ్మ వేలిముద్ర

తా.క.: సారె లేకుండా కాసు మాదని వస్తే ఆ ఊరోళ్లను నేరుగా నా దగ్గరికి పంపించు. ఎనుమును విప్పుతాను.

---

మునెమ్మ గారికి,

నమస్కారం. జాబు రాయడానికి ఆ రాజ్యమే ఇప్పుడు లేదు. అయినా భూతద్దంతో చూస్తే కాసు మీద ఉన్నవి అక్షరాలే కావు, వట్టి గీతలు. అసలు నాణేన్ని ఎదురుగా పెట్టుకుని, చదువురాని వారెవరో మన దక్షిణాదిలోనే చేసిన నకలు ఇది. బంగారం మేలిమిదే. ఏ ఊరో చెప్పలేం. పుట్టిల్లే తేలలేదు కనుక సారె ప్రశ్న తలెత్తదు. జాతర రోజున నేనే తెచ్చి ఇస్తాను. రసీదుపై వేలిముద్ర వేస్తే చాలు.

భవదీయుడు,
భానుచందర్

తా.క.: గేదెను కట్టేసి ఉంచగలరు.

---

భానుచందర్ పై అధికారి రఘునాథ్‌కు,

మునెమ్మ ఆశీర్వాదాలు. కాసు చేరింది. అక్షరం రానోడు చేసినాడంటే వాడు మావోడే, నా మాదిరి. మరి పుట్టిల్లు? అది తెలీని పిల్లకు, కడాకు ఎవరింట్లో నుంచి సాగనంపితే అదే పుట్టిల్లు. ఏడాదిగా మీ బీరువాలోనే కదా ఉండింది! సారె ఏదిరా అంటే మీవోడు రసీదు చూపించినాడు. తిరుచానూరు అంగళ్లకు తరిమినాను. తెచ్చినాడు. చీర రంగు బాగలేదు, అమ్మవారు సర్దుకునింది. కాసు మెడలో వేసుకుని ఊరేగింది.

పుట్టింటోడు కదా, బండ వేషం కూడా కట్టించినాను. ఒళ్లంతా కుంకుమ పూసుకుని నోటికొచ్చినట్టు తిట్టడమే ఆ మొక్కు. ముందు తిట్టుకు కూడా "గారు" తగిలించినాడు. మీ పేరు తలుచుకోమన్నాను. ఇంక ఆపేదానికి మావల్ల కాలేదు. నిర్మలమ్మ చెవులు మూసుకుని ఇంటికి పోయింది.

వచ్చే ఏడు సారె మీరు తేవాల.

తా.క.: కాగితం మీద ఎర్ర మరకలు నెత్తురు కాదు, భయపడొద్దు. రాసేటోడి చేతి కుంకుమ.

మునెమ్మ వేలిముద్ర

సాక్షులు: కోడలు జయంతి, ఎదురింటి దామోదరం

రాసినవాడు: భానుచందర్. సెలవు చీటీ జతపరచడమైనది.