తూట్లు లేని ఆకులు

తిరువూరు,
మంగళవారం, ఉదయం పది గంటలు

నీరజా,

ముందు పొయ్యి ఆపు. పొద్దున ఆటో యోసేపు చేత నేను పంపిన ఆకుకూర ఎవరూ నోట్లో పెట్టకండి. కడిగినా వద్దు, గేదెకీ వెయ్యొద్దు.

అది మీ నీహారిక నూడుల్స్‌లోకి కావాలన్న పాక్ చోయ్. పిల్ల హాస్టల్ నుంచి సెలవులకొస్తుందని పెరట్లో ఒక మడి వేశాను. పురుగు పట్టి ఆకులకు తూట్లు పడుతుంటే బూడిద చల్లాను. మూడు రోజులుగా కొత్త ఆకుకు ఒక్క తూటూ లేదు. బూడిద పనిచేసిందని మురిసిపోయాను.

ఇందాక టిఫిన్ తింటూ మీ బావగారు చెప్పారు. పత్తికి కొట్టగా ట్యాంకులో మిగిలిన పురుగుమందు ఆ మడి మీద కొట్టారట. "తమ్ముడింటికి తూట్లు పడ్డ ఆకు పంపుతావా?" అన్నారు. బోరు నీళ్ళ గొడవయ్యాక ఏడాదిగా మీ ఊసెత్తని మనిషి! వెంటనే బండి తియ్యమంటే, "కావాలనే చేశామంటారే" అని తల పట్టుకుని కూర్చున్నారు.

నువ్వు నా ఫోన్ ఎత్తవు. అందుకే యోసేపుని మళ్ళీ పంపుతున్నాను. ఎవరికి చూపించాలన్నా ఈ కాగితం దాచుకో. రాసింది నేనే.

పంపినవి ఆరు మొక్కలు. ఆరూ యోసేపు చేతికి తిరిగివ్వు, నాతో మాట్లాడనక్కర్లేదు. ఒక్కటి తగ్గినా నేనే వస్తాను. నువ్వు గేటు తియ్యకపోయినా, పిల్లని కళ్ళారా చూసేదాకా అక్కణ్ణించి కదలను.

మీ అక్క