స్తంభం మీది ఎర్ర గీత

అక్కా,

వంతెన స్తంభం మీద ప్రమాదం గుర్తుగా వేసిన ఎర్ర గీతకు నీళ్లింకా మూడడుగుల కిందే ఉన్నాయని నువ్వు నిశ్చింతగా ఉన్నావట. నిన్న బావ చెప్పాడు. ఆయన ముఖం చూసి చెప్పలేక రాస్తున్నాను.

ఆ గీత గీసేది నేనే కదా. ఏటేటా వరద పెరుగుతోంది. నీళ్లు గీత దాకా వచ్చినప్పుడల్లా మా ఆఫీసరు, "జనం ఊరికే హడలిపోతున్నారయ్యా, ఓ అడుగు పైన వెయ్యి" అంటాడు. మూడేళ్లలో మూడుసార్లు చెరిపి పైన గీశాను. వానలింకా మొదలే, మొదటి గీత ఉన్నచోటికి నీళ్లు అప్పుడే వచ్చేశాయి.

ఇప్పటి గీతను తాకేసరికి పిల్లలు పడుకునే మంచం మునిగిపోయి ఉంటుంది. వాళ్లను తీసుకుని రేపే మా ఇంటికి వచ్చెయ్.

ఈసారి ముందుగానే ఇంకో అడుగు పెంచమన్నారు. మీరు వంతెన దాటేటప్పుడు రంగు డబ్బాతో అక్కడే ఉంటాను. నన్ను పలకరించకు.

నీ తమ్ముడు